అంటు కట్టిన చీలమండ

మా బాబాయి తెనాలి నుంచి తెల్లవారుజాము బండికి దిగాడు. ఇంట్లోకి వస్తూనే కాఫీ కూడా తాగకుండా సంచీలోంచి ఎక్స్‌రే ఫిల్ములు తీసి కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నాడు.

"ఏరా అబ్బాయ్, చూడు. గుజ్జంతా అరిగిపోయిందంట. కీలు బిగించేద్దామంటున్నారు. బిగిస్తే ఇంక కర్రకాలే కదరా?"

"డాక్టరుగారు ఎప్పుడు చేయించుకోమన్నారు బాబాయ్?"

"తొందరేం లేదు, ఆలోచించుకుని రండి అన్నారు. ఏం ఆలోచించుకోవాలో మాత్రం చెప్పలేదు."

ఆ ఆఖరి మాట నన్ను పట్టుకుంది. నేను వైద్యుణ్ణి కాను. వైద్యం గురించి చదివి, వైద్యుల్ని అడిగి, అర్థమైనంతవరకు రాసేవాణ్ణి. బాబాయి ఏం ఆలోచించుకోవాలో కనుక్కోవడానికి నాకు కొన్ని నెలలు పట్టింది. ఆ వెతుకులాటే ఈ అధ్యాయం.

బాబాయి కరెంటు లైన్‌మన్‌గా పనిచేశాడు. ముప్పై రెండేళ్ల వయసులో స్తంభం మీంచి జారి కుడికాలి మీద పడ్డాడు. చీలమండ విరిగింది. ప్లేటు, స్క్రూలు వేశారు. ఎముక అతుక్కుంది, మళ్లీ స్తంభాలెక్కాడు. ఇరవై ఏళ్లు ఆ కాలి సంగతే మరిచిపోయాడు. తర్వాత పొద్దున లేవగానే నాలుగడుగులు కుంటడం మొదలైంది. ఆ పైన సాయంత్రానికి వాపు, ఆ పైన రాత్రి నొప్పి. నా దగ్గరికి వచ్చేనాటికి వయసు యాభై ఆరు. వీధి చివర పాలబూత్‌ దాకా నడిచి, తిరిగొచ్చే ముందు అరుగు మీద కూర్చోవాల్సిన స్థితి.

ఆరోగ్యంగా ఉన్న కీలును ఎక్స్‌రేలో చూస్తే రెండు ఎముకల మధ్య నల్లటి సందు కనిపిస్తుంది. అది ఖాళీ జాగా కాదు. ఎక్స్‌రేకు కనిపించని మృదులాస్థి అక్కడ ఉంటుంది. మనం గుజ్జు అని పిలుచుకునేది దీన్నే. పేరు వింటే మెత్తగా తోస్తుంది గానీ అది నున్నగా, గట్టిగా, తడిసిన పింగాణీలా జారే పొర. అందులో రక్తనాళాలు లేవు, నరాలు లేవు. రక్తం అందదు కాబట్టి అరిగితే తిరిగి సరిగా పెరగదు. నరాలు లేవు కాబట్టి అరుగుతున్నప్పుడు చెప్పదు. అది పోయి కింది ఎముక బయటపడ్డాకే నొప్పి తెలుస్తుంది. బాబాయి ఫిల్ములో ఆ నల్లటి సందు లేదు. పై ఎముక కింది ఎముక మీద నేరుగా కూర్చుని ఉంది.

చీలమండ నిర్మాణం చూస్తే వడ్రంగి పని గుర్తుకొస్తుంది. కాలి ఎముకలు రెండూ కిందికి వచ్చి మూడు వైపులా గాడిలా ఏర్పడతాయి. లోపలి వైపు, బయటి వైపు మన చేతికి తగిలే గుబ్బలు ఆ గాడి అంచులే. టేలస్ అనే చిన్న ఎముక ఆ గాడిలో చక్కగా ఇమిడి ముందుకూ వెనక్కూ ఊగుతుంది. మన బరువంతా మోసే ఈ ఎముకకు ఒక్క కండరం కూడా అంటుకుని ఉండదు. దాని ఉపరితలంలో సగానికి పైగా మృదులాస్థే పరచుకుని ఉండటంతో, రక్తనాళాలు లోపలికి వెళ్లే తావులు కూడా తక్కువే.

నడిచేటప్పుడు చీలమండ మీద మన బరువుకు దాదాపు ఐదు రెట్ల భారం పడుతుంది. ఆ భారాన్ని మోసే తలం తుంటిలో, మోకాలిలో సుమారు 1,100 చదరపు మిల్లీమీటర్లయితే చీలమండలో 350 మాత్రమే. అంటే ఇంచుమించు ఒక రూపాయి బిళ్లంత. మృదులాస్థి మందం కూడా తక్కువే. మోకాలిచిప్ప వెనక అది ఐదారు మిల్లీమీటర్ల దాకా ఉంటే, ఇక్కడ రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఈ లెక్కన లోకంలో అందరికంటే ముందు అరిగిపోవలసిన కీలు చీలమండే. జరిగేది మాత్రం వేరు. మోకాళ్లు అరిగిన ముసలివాళ్లు ప్రతి ఇంటా కనిపిస్తారు, వయసుతో చీలమండ అరిగినవాళ్లు అరుదు.

2005లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ వైద్యులు తమ దగ్గరికి వచ్చిన 639 ముదిరిన చీలమండ కేసుల మూలాలు వెతికారు. నూటికి డెబ్భై పాత గాయాల వల్ల వచ్చినవి. పన్నెండు రుమటాయిడ్ కీళ్లవాతం వల్ల. ఏ కారణమూ దొరకనివి, వయసుతో అరిగాయని అనుకోదగ్గవి, ఏడు మాత్రమే. మోకాలి, తుంటి లెక్కలకు ఇది తలకిందులు. చీలమండ మృదులాస్థి పలచనిదే గానీ గట్టిది, పైగా గాడిలో టేలస్ ఇమిడే తీరు ఎంత కచ్చితమంటే భారం తలమంతటా సమంగా పరుచుకుంటుంది. ఆ అమరిక చెడనంతకాలం అది అరగదు.

అమరిక ఎంత చెడితే ప్రమాదం? 1976లో రామ్సే, హామిల్టన్ అనే ఇద్దరు పరిశోధకులు శవాల కాళ్ల మీద కొలిచి చూశారు. టేలస్ ఒక్క మిల్లీమీటరు బయటికి జరిగితే చాలు, ఎముకలు ఒకదానికొకటి తాకే తలం 42 శాతం తగ్గిపోయింది. అదే బరువు సగానికి కాస్త ఎక్కువ తలం మీద పడాలి. మిల్లీమీటరంటే ఎక్స్‌రేలో కూడా జాగ్రత్తగా వెతికితే తప్ప కనిపించని తేడా. చీలమండ విరిగినప్పుడు మనవాళ్లు పుత్తూరు కట్టు కట్టించుకున్నా, ఆసుపత్రిలో ప్లేటు వేయించుకున్నా, అందరూ అడిగేది ఒకటే: ఎముక అతుక్కుందా? ఏ స్థానంలో అతుక్కుంది అని అడిగేవాళ్లు తక్కువ. అడగాల్సింది అదే. పడినప్పుడు మృదులాస్థికి నేరుగా తగిలే దెబ్బ ఇంకో సంగతి. బాబాయి విషయంలో రెండింటిలో ఏది ఎంత పని చేసిందో ఇప్పుడు ఎవరూ విడదీయలేరు.

గాయం వల్ల వచ్చే జబ్బు కాబట్టి ఇది మోకాలి అరుగుదల కంటే చిన్న వయసులో వస్తుంది. ఇంకా ఉద్యోగంలో ఉన్నవాళ్లకి, పొలం చేస్తున్నవాళ్లకి, పిల్లల పెళ్లిళ్లు కాని వాళ్లకి వస్తుంది. ఇంట్లోవాళ్లు "కాలు నొప్పే కదా" అంటారు. 2008లో కెనడా వైద్యులు చివరి దశ చీలమండ రోగుల్నీ, చివరి దశ తుంటి రోగుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, నొప్పిలోనూ పనులు చేసుకోలేకపోవడంలోనూ ఇద్దరూ సమానంగానే ఉన్నారు. తుంటి అరిగినవాణ్ణి చూసి జాలిపడే లోకం వీళ్లను కూడా అలాగే చూడాలి.

ఇక బిగించడం దగ్గరికి వద్దాం. వైద్యులు దీన్ని ఆర్థ్రోడెసిస్ అంటారు, వాడుకలో ఫ్యూజన్. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఆస్ట్రియాలో ఎడ్వర్డ్ ఆల్బర్ట్ అనే శస్త్రవైద్యుడు, కాళ్లలో చచ్చుబడి నిలబడలేని ఒక పద్నాలుగేళ్ల అమ్మాయికి కీళ్లు బిగించి నిలబెట్టాడు. ఆర్థ్రోడెసిస్ అనే పేరు కూడా ఆయన పెట్టిందే. అంటే ఈ ఆపరేషన్ పుట్టింది నొప్పి తగ్గించడానికి కాదు, పట్టు తప్పిన కాలిని నిలబెట్టడానికి.

"బిగించడం" అనే మాటే బాబాయిని భయపెట్టింది. బోల్టు వేసి బిగించేస్తారని ఆయన ఊహ. స్క్రూలు వేసే మాట నిజమే, సాధారణంగా రెండో మూడో. కానీ బిగించేది అవి కావు. నాకు దీనికి సరైన పోలిక కడియం నర్సరీల్లో దొరికింది. మామిడి అంటు కట్టేవాళ్లు ఏం చేస్తారు? వేరు మొక్క కొమ్మనూ, మంచి రకం కొమ్మనూ ఏటవాలుగా చెక్కుతారు. పచ్చి తలాలు రెండూ ఎదురెదురుగా పెట్టి గాలి సందు లేకుండా బిర్రుగా కడతారు. కదలనివ్వరు. కట్టు అంటించదు, అంటుకునేదాకా పట్టి ఉంచుతుంది. అంటించేది మొక్కలోని జీవమే.

చీలమండలోనూ ఇదే జరుగుతుంది. మిగిలిన మృదులాస్థిని పూర్తిగా గీకేస్తారు. కింద గట్టిపడిపోయిన ఎముకను రక్తం చెమర్చేదాకా చెక్కుతారు, అక్కడక్కడా సన్నటి రంధ్రాలు వేస్తారు. రెండు పచ్చి తలాలను దగ్గరగా నొక్కి స్క్రూలతో పట్టి ఉంచుతారు. ఇప్పుడు శరీరానికి అది కీలుగా కనిపించదు, విరిగిన ఎముకగా కనిపిస్తుంది. విరిగిన ఎముకను అతికించడం శరీరానికి పుట్టుకతో తెలిసిన విద్య. కొత్త ఎముక పుట్టి రెండింటినీ ఒకటి చేస్తుంది. ఆ తర్వాత నడక మొదలయ్యాక, పడే బరువును బట్టి లోపలి ఎముక తన అల్లికను మార్చుకుంటూ పోతుంది. ఎముక భారానికి తగ్గట్టు తనను తాను మలచుకుంటుందని జర్మనీ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో రాశాడు. లోహపు కీలు వాడేకొద్దీ అరుగుతుంది. అంటుకున్న ఎముక ప్రాణమున్నది, వాడేకొద్దీ తేరుకుంటుంది.

నొక్కి పట్టడంలోని బలాన్ని లోకానికి చూపించినవాడు ఇంగ్లండ్‌కు చెందిన జాన్ చార్న్‌లీ. ఎముకల గుండా కడ్డీలు దూర్చి, బయటి నుంచి మరలతో రెండు తలాలనూ దగ్గరికి నొక్కి చీలమండనూ భుజాన్నీ అతికించే పద్ధతిని 1951లో ప్రచురించాడు. 1962లో ప్లాస్టిక్ గిన్నెతో తుంటి కీలు మార్పిడిని గాడిలో పెట్టినవాడు కూడా ఈయనే. కీళ్లను బిగించడం బాగా తెలిసిన మనిషే కీళ్లను మార్చడానికి దారి వేశాడన్న సంగతి నాకు ఈ కథలో ఎప్పుడూ ఇష్టమైన భాగం. తుంటికి ఆ దారి రాచబాట అయింది. చీలమండకు కాలేదు, ఎందుకో తర్వాత చెప్తాను.

అంటు కట్టేటప్పుడు ఏ కోణంలో పెట్టారన్నది జీవితాంతం నిలిచిపోతుంది. పాదం కాలికి లంబకోణంలో, మడమ ఓ ఐదు డిగ్రీలు బయటికి వాలి, వేళ్లు రెండో కాలితో సమానంగా కాస్త పక్కకు తిరిగి ఉండాలి. వేళ్లు కిందికి వాలి అతుక్కుంటే ప్రతి అడుగుకీ మోకాలు వెనక్కి నెట్టుకుంటుంది. అంటు విఫలం కావడం కూడా ఉంది. దానికి పెద్ద శత్రువు పొగ. సిగరెట్టులోని నికోటిన్ సన్న రక్తనాళాలను కుదించేస్తుంది, ఎముక అతకని ముప్పు పొగతాగేవాళ్లలో కొన్ని రెట్లు ఎక్కువ. చాలామంది సర్జన్లు పొగ మానేదాకా కత్తి పట్టరు. బాబాయి రోజుకు ఆరు సిగరెట్లు తాగేవాడు. ఈ మాట విన్నాక ఎక్కువసేపు మాట్లాడలేదు.

పోయేదేమిటో కూడా దాచకుండా చెప్పుకోవాలి. చదునైన నేల మీద నడవడానికి చీలమండకు సుమారు 30 డిగ్రీల ఊపు చాలు. మెట్లెక్కడానికి 37 దాకా, దిగడానికి 56 దాకా కావాలి. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి కొండకు వెళ్లే భక్తులకు ఈ తేడా మోకాళ్లతోపాటు చీలమండలకూ తెలుసు. గొంతుక్కూర్చోవడానికి ఇంకా ఎక్కువ కావాలి. మడమలు నేలకు ఆనించి కూర్చున్నప్పుడు కాలిఎముక పాదం మీదికి బాగా వంగాలి. కీలు బిగించాక ఆ భంగిమ దాదాపు లేనట్టే. నేల మరుగుదొడ్డి, పొయ్యి ముందు పీట, నాట్లు వేసే మడి, బట్టలుతికే బండ అన్నీ ఈ ఒక్క వంపు మీద ఆధారపడి ఉన్నాయి. పాదాన్ని వెనక్కి చాచి కూర్చునే వజ్రాసనం, నమాజులో కూర్చునే తీరు కూడా కష్టమైపోతాయి. బాసింపట్టు సంగతి వేరు. అందులో ఎక్కువ పని తుంటిది, మోకాలిది. చాలామంది కాస్త సర్దుకుని కూర్చోగలుగుతారు.

పాశ్చాత్య వైద్య పుస్తకాల్లో బిగించిన చీలమండకు రాసే మందు, పడవ అడుగులా వంపు తిరిగిన సోలున్న బూట్లు. పాదం ఊగలేకపోతే బూటు ఊగుతుంది. సలహా మంచిదే. కానీ మనం చెప్పులు గడప బయట విడిచే జనం. ఇంట్లో, గుళ్లో, పెళ్లిపందిట్లో వట్టి పాదాలతో తిరిగే మనిషికి ఆ బూటు సగం రోజే తోడు. ఇంట్లో వాడటానికి అలాంటి సోలుతోనే వేరే జత పెట్టుకోవాలి, అది నలుగురిలో అలవాటు చేసుకోవాలి. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నడక తేలికవ్వడం దీని మీద చాలా ఆధారపడి ఉంది. కాలితో తొక్కే కుట్టుమిషన్ మీద బతికే దర్జీకి, కుడికాలితో బ్రేకు తొక్కే డ్రైవరుకు ఈ ప్రశ్న ఇంకా పెద్దది. వాళ్లు సర్జనుకు తమ పని మాటల్లో చెప్పడంతో సరిపెట్టకుండా చేసి చూపించాలి.

ఇదంతా వింటే ఎవరికైనా వద్దనే అనిపిస్తుంది. బాబాయికీ అనిపించింది. అప్పుడే నాకు ఈ వ్యవహారంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి అర్థమైంది.

రెండోసారి సర్జను దగ్గరికి నేనూ వెళ్లాను. ఆయన కోణమానిని పెట్టి బాబాయి పాదాన్ని పైకీ కిందికీ వంచి కొలిచాడు. మంచి కాలు అరవై డిగ్రీలకు పైగా ఊగింది. చెడ్డ కాలు పన్నెండు. అరిగిన కీలు చుట్టూ ఎముక ముళ్లు పెరిగి, కీలు తనంతట తానే బిగుసుకుపోతూ వచ్చింది. గొంతుక్కూర్చోవడం బాబాయి మానేసి మూడేళ్లయింది. ఇంట్లో కమోడ్ అప్పుడే పెట్టించాడు. మెట్లు ఒక్కొక్కటిగా పక్కకు తిరిగి దిగుతున్నాడు. ఆపరేషన్ పట్టుకుపోతుందని ఆయన భయపడుతున్న వాటిలో ఎక్కువ భాగం జబ్బు ఎప్పుడో పట్టుకుపోయింది. మిగిలింది పన్నెండు డిగ్రీలు. ప్రతి డిగ్రీకీ నొప్పి.

చీలమండను బిగించుకోవాలా అని అడిగేటప్పుడు మనం మన పాతికేళ్ల వయసు చీలమండను తలుచుకుంటాం. త్రాసులో పెట్టాల్సింది దాన్ని కాదు, ఇవాళ ఉన్నదాన్ని. ఒకవైపు నొప్పితో కూడిన ఆ కొద్దిపాటి ఊపు, రెండోవైపు నొప్పి లేని స్థిరత్వం. పైగా చీలమండ బిగిసినా పాదం మొత్తం బిగిసిపోదు. టేలస్‌కు ముందున్న, కిందున్న కీళ్లు కొంత వంగుతాయి. పాదం నేల ఎత్తుపల్లాలకు పక్కలకి ఒరిగేది టేలస్ కింది కీలు వల్లే. అది బాగుంటే పొలం గట్టు మీద నడక సాగుతుంది. కర్రకాలు అన్న బాబాయి మాట అక్కడే వీగిపోయింది.

ఆ పక్క కీళ్లే తర్వాతి చిక్కు కూడా. చీలమండ చేయాల్సిన పని తామూ కొంత చేస్తూ అవి ఎక్కువ శ్రమపడతాయి. అయోవా వైద్యులే 2001లో మరో పరిశోధన ప్రచురించారు. పాత గాయం వల్ల చీలమండ బిగించుకున్న 23 మందిని సగటున 22 ఏళ్ల తర్వాత పిలిచి చూశారు. ఎక్కువమందికి అదే పాదంలోని పక్క కీళ్లు బాగా అరిగి ఉన్నాయి. మోకాలు మాత్రం చెక్కుచెదరలేదు. దీన్ని చదివి, బిగింపు పక్క కీళ్లను తినేస్తుందని తీర్మానించడం తేలిక. తర్వాత ఇంగ్లండ్‌లో ఆపరేషన్‌కు ముందు తీసిన ఎక్స్‌రేలను వరసగా చూసినప్పుడు, చాలామందికి పక్క కీళ్లలో అరుగుదల అప్పటికే ఉందని తేలింది. పాత గాయం ఒక్క కీలుతో ఆగలేదన్నమాట. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంది. నలభై ఏళ్ల మనిషికి ముందున్న నాలుగు దశాబ్దాల అడుగులు వేరు, డెబ్భై ఏళ్ల మనిషి అడుగులు వేరు. ఈ లెక్కలో వయసు చాలా బరువైనది.

అలాంటప్పుడు మోకాలిలా దీన్నీ మార్చేయొచ్చు కదా అని అడిగింది మా పిన్ని. సరైన ప్రశ్న. 1970లో ఫ్రాన్స్‌లో లార్డ్, మరోట్ అనే వైద్యులు తుంటి కీలును తలకిందులు చేసినట్టున్న ఒక పరికరాన్ని చీలమండలో పెట్టారు. పదేళ్లు చూసి, 25 ఆపరేషన్లలో 12 విఫలమయ్యాయని ఒప్పుకుని, కీలు బిగించడమే మేలని రాశారు. తమ సొంత ఆవిష్కరణ గురించి అలా రాయడానికి చాలా నిజాయితీ కావాలి. చీలమండ చిన్నది, భారం పెద్దది, ముందువైపు చర్మం పలచనిది కాబట్టి గాయం మానడం కష్టం, టేలస్‌కు రక్తం తక్కువ. తర్వాతి తరాల పరికరాలు చాలా మెరుగుపడ్డాయి. ఇప్పటివాటిలో ఎక్కువ భాగం పదేళ్లు దాటి పనిచేస్తున్నాయి. అయినా ఎప్పుడో ఒకప్పుడు అరుగుతాయి, అరిగినదాన్ని తీశాక మిగిలే ఎముక తక్కువ, అప్పుడు బిగించడం మొదటిసారి కంటే కష్టం.

రెండింటినీ తూచిన పెద్ద పరీక్ష బ్రిటన్‌లో జరిగింది, పేరు టార్వా. 17 ఆసుపత్రుల్లో, 50 నుంచి 85 ఏళ్ల మధ్య వయసున్న 303 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు మార్పిడి, రెండో జట్టుకు బిగింపు. ఫలితాలు 2022లో వచ్చాయి. ఏడాది తర్వాత రెండు జట్లూ ముందున్న స్థితి కంటే ఎంతో బాగుపడ్డాయి. నడక, నిలబడటం విషయంలో మార్పిడి జట్టు కాస్త ముందుంది గానీ, ఆ తేడా యాదృచ్ఛికం కాదని గట్టిగా చెప్పగలిగినంత లేదు. ఇబ్బందులు మాత్రం రెండు రకాలుగా చీలాయి. గాయం మానకపోవడం, నరం దెబ్బతినడం మార్పిడిలో ఎక్కువ. కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం బిగింపులో ఎక్కువ. బిగించినవాళ్లలో సుమారు 7 శాతం మందికి ఎముక అతకక నొప్పి మిగిలింది. ఏడాది లెక్క ఏడాది లెక్కే. అంతకుముందు 2007లో కాలిఫోర్నియా ఆసుపత్రుల రికార్డుల్లో 4,705 బిగింపులను, 480 మార్పిడులను పోల్చి చూస్తే, ఐదేళ్లలో మళ్లీ పెద్ద ఆపరేషన్ అవసరమైనవాళ్లు మార్పిడిలో 23 శాతం, బిగింపులో 11 శాతం. టేలస్ కింది కీలును కూడా బిగించాల్సి వచ్చింది బిగింపు జట్టులో 2.8 శాతం మందికి, మార్పిడి జట్టులో ఒక శాతం లోపు. ఆనాటి పరికరాలు పాతవి, ఆ సంగతి గుర్తుంచుకునే చదవాలి.

నా అభిప్రాయం చెప్పమంటే, బరువు పని చేసేవాళ్లకి, ఎముక వంకర బాగా ఉన్నవాళ్లకి, మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకి మార్పిడి సరిపడదు. అరవై దాటి, తేలికపాటి జీవితం గడుపుతూ, పక్క కీళ్లు అప్పటికే అరిగినవాళ్లకి మార్పిడి గురించి గట్టిగా అడగదగ్గదే. రెండో చీలమండ అప్పటికే బిగిసి ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువగా.

నొప్పి నిజంగా చీలమండదేనా అన్న ప్రశ్న వీటన్నిటికంటే ముందు రావాలి. చీలమండ, టేలస్ కింది కీలు రెండు మూడు వేళ్ల దూరంలో ఉంటాయి. రోగి చెయ్యి పెట్టి చూపించే చోటు రెండింటికీ ఒకటే. తప్పు కీలు బిగిస్తే ఎముక చక్కగా అతుక్కుంటుంది, నొప్పి అలాగే ఉంటుంది. దీనికి ఒక చక్కటి పరీక్ష ఉంది. ఎక్స్‌రేలో చూస్తూ చీలమండలోకి మాత్రమే మత్తుమందు ఎక్కిస్తారు. కొందరిలో ఈ రెండు కీళ్ల మధ్య దారి ఉంటుంది కాబట్టి రంగు మందు కూడా కలిపి, అది ఎటు పోతోందో గమనిస్తారు. తర్వాత రోగిని నడవమంటారు. బాబాయికి ఇది చేసిన రోజు నాకు బాగా గుర్తు. ఆసుపత్రి నడవాలో ఆ చివరికీ ఈ చివరికీ నాలుగుసార్లు తిరిగాడు. "ఒరేయ్, ఇది నా కాలేనా?" అన్నాడు. సాయంత్రానికి మందు దిగి నొప్పి తిరిగొచ్చింది. కానీ దాని చిరునామా దొరికింది.

రెండో పరీక్ష ఇంకా సాదాది. మోకాలి కింది నుంచి పాదం దాకా కదలకుండా పట్టి ఉంచే గట్టి బూటు ఒకటి రెండు వారాలు తొడిగారు. బిగింపు తర్వాతి బతుకుకు ఇది దాదాపు రిహార్సల్. నొప్పి తగ్గుతుందా, మెట్ల మీద ఏమవుతోంది, స్నానాల గదిలో ఎక్కడ తడబడుతున్నాం అన్నీ ఎముక మీద కత్తి పెట్టకముందే తెలుస్తాయి. బాబాయి పగలంతా దాంతోనే తిరిగాడు. రెండో వారంలో పాలబూత్ దాటి రైల్వే గేటు దాకా నడిచాడు.

ఈ పరీక్షలు బాగున్నంత మాత్రాన వెంటనే చేయించుకోవాలని లేదు. ఇది ప్రాణం మీదికి వచ్చే జబ్బు కాదు. ఎముక వంకర పెరిగిపోతుంటే తప్ప, ఆరు నెలలు ఆగినందువల్ల మామూలుగా ఆపరేషన్ చెడిపోదు. ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగులో చీలమండకు ఐదు కిలోలు తేలిక. చేతికర్ర మంచి కాలి వైపు చేతిలో పట్టుకోవాలి. చాలామంది నొప్పి కాలి వైపే పట్టుకుని సగం లాభం పోగొట్టుకుంటారు. చీలమండను పట్టి ఉంచే పట్టీ, వంపు సోలు బూట్లు, అవసరానికి నొప్పి మాత్రలు కొందరిని ఏళ్ల తరబడి నడిపిస్తాయి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలో నెలలో ఊరటనిస్తుంది. మన నగరాల్లో ఇప్పుడు జోరుగా అమ్ముడుపోతున్నది పీఆర్‌పీ, అంటే సొంత రక్తంలోంచి తీసిన ప్లేట్‌లెట్ల ఇంజెక్షన్. నెదర్లాండ్స్‌లో 100 మంది చీలమండ రోగుల మీద జరిపిన పరీక్ష ఫలితం 2021లో వచ్చింది. ఆరు నెలలకు పీఆర్‌పీ వేసినవాళ్లకీ, ఉప్పునీరు వేసినవాళ్లకీ తేడా లేదు. ఆశతో అప్పు చేసి వీటికి వేలు పోస్తున్నవాళ్లను చూసినప్పుడు నాకు మనసు కలుక్కుమంటుంది.

బాబాయి ఏడాదిన్నర ఆగాడు. చిన్నకూతురి పెళ్లి చేశాడు. సిగరెట్లు మానడానికే ఐదు నెలలు పట్టింది. ఒకసారి మళ్లీ అంటించాడు, మళ్లీ మానాడు. ఆపరేషన్‌కు ముందే మంచం పక్కన, స్నానాల గదిలో పట్టుకునే కడ్డీలు బిగించాడు, లైన్‌మన్ చేతులు కదా. కుడికాలు కాబట్టి మూడు నెలల పైన బండి నడపలేడని ముందే తెలుసుకుని, మిరపకాయల కల్లం పనులు అయ్యాకే తేదీ పెట్టించుకున్నాడు. మొదటి ఆరు వారాలు కాలు నేలకు తాకనివ్వలేదు. ఆ రోజులు చాలా కష్టంగా గడిచాయి. రక్తం గడ్డకట్టకుండా పొట్టలో ఇంజెక్షన్లు, కాలెత్తి దిండ్ల మీద పెట్టుకోవడం, ప్రతిదానికీ పిన్నిని పిలవడం. "ఎందుకు చేయించుకున్నానా అనిపిస్తోందిరా" అని నాలుగో వారం ఫోన్లో అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఊరుకున్నాను. తర్వాత బూటుతో కొద్దికొద్దిగా బరువు మోపడం, మూడు నెలలు దాటాక బూటు తీసేయడం. సాయంత్రపు వాపు ఏడాది దాకా పూర్తిగా వదల్లేదు.

ఇప్పుడు మెట్లు దిగేటప్పుడు ఇంకా పక్కకు తిరుగుతాడు. దున్నిన చేలో నడక తడబడుతుంది. అడుగు మునుపటి కంటే పొట్టిది. రాత్రి నొప్పి లేదు.

ఏడాదికి తీసిన ఎక్స్‌రే పట్టుకుని మళ్లీ అదే తెల్లవారుజాము బండికి వచ్చాడు. అదే కిటికీ అద్దానికి ఆనించి, రెండు స్క్రూల మధ్య వేలుపెట్టి అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు వెతికాడు.

"రెండు ఎముకల మధ్య గీత ఉండేది కదరా, ఎక్కడా?"

నేనూ వెతికాను. కనిపించలేదు.